చిప్ కార్డుపై దాడులు: అసలు ప్రమాదం ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

చిప్ ఉన్న కార్డు జోలికి ఎవరూ పోలేరని కొందరు, యాసిడ్‌తో దాని గుట్టు ఇట్టే లాగేయవచ్చని మరికొందరు చెబుతున్నారు. రెండు మాటలూ ఖాతాదారుకు చేటు చేసేవే.

చిప్ పైపూతను పొగలు కక్కే నైట్రిక్ ఆమ్లంతో తొలగించి, సూక్ష్మదర్శిని కింద సన్నని సూదులతో లోపలి సమాచారాన్ని చదివే పద్ధతులను కంప్యూటర్ భద్రతా పరిశోధకులు రాస్ ఆండర్సన్, మార్కుస్ కూన్ 1996లోనే వివరించారు. కానీ బ్యాంకు కార్డుల్లో దేని రహస్య కీ (తాళంచెవి లాంటి రహస్య సంఖ్య) దానికే ఉంటుంది కాబట్టి, పరికరాలు, నైపుణ్యం, ఓపిక అన్నీ కూడగట్టుకుని ఒక కార్డును తెరిచినా చేతికి చిక్కేది ఆ ఒక్క ఖాతాయే, అదీ సొంతదారు కార్డును బ్లాక్ చేయించనంత వరకే. మైఫేర్ క్లాసిక్ కథ వేరు. ఎన్నో దేశాల రవాణా కార్డుల్లో వాడిన ఆ చిప్‌లన్నిటిలో సమాచారాన్ని గుప్తంగా మార్చే రహస్య సూత్రం ఒకటే. చిప్‌ను పొరలు పొరలుగా అరగదీసి, ఫొటోలు తీసి ఆ సూత్రాన్ని రాబట్టిన తీరును పరిశోధకులు కార్‌స్టెన్ నోల్, హెన్రిక్ ప్లోట్జ్ 2007 డిసెంబరులో బెర్లిన్‌లో వెల్లడించారు. ఆ తర్వాత మరెవరూ చిప్‌ను తెరవవలసిన పనే లేకపోయింది. కాబట్టి చిప్‌ను పగలగొట్టగలరా అన్నదానికన్నా, ఒకటి పగిలితే ఎన్ని కార్డులకు ముప్పు అన్నదే అడగవలసిన ప్రశ్న.

నేరగాళ్లు చిప్‌ను అసలు తెరవకుండానే పని కానిచ్చిన ఉదంతం కూడా ఉంది. ఫ్రాన్స్‌లో దొంగిలించిన కార్డులను 2011లో బెల్జియంలో వాడిన ముఠా, అసలు చిప్ మీద మరో చిప్‌ను అతికించింది. ఏ పిన్ నొక్కినా సరైనదేనని ఆ రెండో చిప్ యంత్రానికి జవాబిచ్చేది. చిప్ మందం 0.4 మిల్లీమీటర్ల నుంచి 0.7కు పెరిగి, కార్డు యంత్రంలో కాస్త బిగుతుగా దూరేదట. దాదాపు 40 కార్డులతో ఆరు లక్షల యూరోల మేర కాజేశారు. పిన్‌ను బ్యాంకు కంప్యూటరే సరిచూసే చోట ఈ కిటుకు సాగదు.

అయినా, ఇంత జరిగాక కూడా "చిప్ కార్డు, పిన్ పడింది, కాబట్టి తప్పు మీదే" అని ఖాతాదారును వెనక్కి పంపడం అన్యాయం. బాధ్యత ఖాతాదారుదేనని నిరూపించే భారం బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2017 జూలై ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. పిన్ సరిచూసినట్లు యంత్రం పంపిన సమాచారాన్నీ, కార్డు స్వయంగా పంపిన సమాచారాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే అటువంటి మోసం బయటపడుతుంది. ఫిర్యాదు చేసిన ప్రతి ఖాతాదారుకూ ఆ రెండు రికార్డులనూ రాతపూర్వకంగా ఇవ్వాలని బ్యాంకులను రిజర్వు బ్యాంకు ఆదేశించాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, వరంగల్