మాల తీశాక ఏమవుతుంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

కొత్త సంవత్సరం మొదట్లో మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. ఏ పనైనా 21 రోజులు వదలకుండా చేస్తే అలవాటైపోతుందని, మధ్యలో మానేసేవాళ్లకి పట్టుదల లేదని రాశారు. మొదటి మాట తప్పు, రెండోది ఇంకా పెద్ద తప్పు. సంక్రాంతి వెళ్లిపోయింది, జనవరి ఒకటిన జిమ్‌కి డబ్బు కట్టినవాళ్లు ఒక్కొక్కరే మానేసే రోజులివి, వాళ్లు మీ వ్యాసం గుర్తు తెచ్చుకుని తమని తాము తిట్టుకోకూడదనే ఈ ఉత్తరం రాస్తున్నా.

ఆ 21 సంగతి ముందు చెప్తాను. అది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట. ఆపరేషన్ అయినవాళ్లు అద్దంలో తమ కొత్త మొహానికి అలవాటు పడడానికి కనీసం ఓ 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. నోటా నోటా పాకే సరికి 'కనీసం' రాలిపోయింది, మొహం సంగతీ రాలిపోయింది, అంకె ఒక్కటి మిగిలింది. అలవాట్లని నిజంగా కొలిచి చూసింది లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం. 96 మందిని తీసుకుని, రోజూ ఒకే సందర్భంలో ఒక చిన్న పని 12 వారాలు చేయమన్నారు. ఆలోచించకుండా చేసేసే స్థితి రావడానికి నడిమి లెక్కన 66 రోజులు, మనిషిని బట్టీ పనిని బట్టీ 18 నుంచి 254 రోజుల దాకా అని తేలింది (12 వారాలు దాటిన అంకెలు లెక్కగట్టిన అంచనాలు). మంచినీళ్లు తాగడం లాంటివి తొందరగా పట్టుబడ్డాయి, వ్యాయామానికి అంతకన్నా ఎక్కువ కాలం పట్టింది. ఇంకో ముఖ్యమైన సంగతి, మధ్యలో ఒక రోజు తప్పినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మీ వ్యాసమేమో ఒక్క రోజు తప్పినా మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టమంది!

అసలు దీనికి లండన్ దాకా వెళ్లక్కర్లేదు. కార్తీకం రాగానే మా విశాఖలో గాజువాక నుంచి కంచరపాలెం దాకా నల్లబట్టలు కనిపిస్తాయి కదా, అయ్యప్ప మాల వేసినవాళ్లని చూస్తే చాలు. 41 రోజులు. తెల్లారగట్ల చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భిక్ష, సిగరెట్ లేదు, మందు లేదు. మామూలు రోజుల్లో ఏడైనా మంచం దిగని మనిషి నాలుగింటికే లేస్తాడు. మీ లెక్క ప్రకారం ఇదంతా జీవితాంతం ఉండిపోవాలి. కానీ శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక వారం తిరక్కుండా అదే మనిషి అదే బడ్డీ దగ్గర సిగరెట్ వెలిగిస్తూ కనబడతాడు. అందరూ కాదు లెండి, మాల పుణ్యమా అని మందు పూర్తిగా మానేసినవాళ్లూ నాకు తెలుసు, నేను ఎక్కువమంది సంగతి చెప్తున్నా.

మరి పట్టుదల లేని మనిషైతే ఆ 41 రోజులు ఎలా ఉండగలిగాడు? ఏ పొద్దునా 'ఇవాళ లేవాలా వద్దా' అని తనలో తాను వాదించుకోవాల్సిన పని అతనికి పడలేదు, అదీ సంగతి. ఒంటి మీద బట్టల రంగు మారింది, మెడలో మాల ఎప్పుడూ చేతికి తగులుతూనే ఉంటుంది, సూపర్‌వైజర్ నుంచి ఆటోడ్రైవర్ దాకా అందరూ 'స్వామీ' అని పిలుస్తారు, ఇంట్లో వంట మారిపోతుంది, పార్టీకి పిలిచే ఫ్రెండు పిలవడం మానేస్తాడు, సాయంత్రం పూజ దగ్గర తోటి స్వాములు ఇంకా రాలేదేంటని అడుగుతారు. మాల తీసిన రోజున ఇవన్నీ ఒక్కసారే పోతాయి, ఇక మిగిలేది మనిషి, అతని మూడ్, అంతే. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడి మూడ్ ఎలా ఉంటుందో నన్నడగండి.

అందుకే ఊపు తగ్గినప్పుడు మళ్లీ ఊపు తెచ్చుకోండి అని వీడియోలు చూపించడం నాకు నచ్చదు. మాలలో పనిచేసినవాటిలో ఒకటో రెండో ఉంచుకుంటే నయం. మాకు ఎ, బి, సి షిఫ్టులు మారుతూ ఉంటాయి, 'రోజూ పొద్దున్న ఐదింటికి నడవండి' అని మీరు రాస్తే రాత్రి డ్యూటీ ఉండే సి షిఫ్టువాడు ఆ టైముకి మిషన్ దగ్గర నిలబడి ఉంటాడు. మా వాళ్లలో నడక నిలబడినవాళ్లు టైమ్ సంగతి వదిలేసి డ్యూటీ దిగడాన్ని పట్టుకున్నారు. ఏ షిఫ్టైనా దిగడం మాత్రం ఉంటుందిగా. బస్సు ఒక స్టాపు ముందే దిగి, ఇద్దరు కలిసి, పది నిమిషాలు నడిచి ఇంటికి పోతారు. వానొస్తే అపార్ట్‌మెంట్ మెట్లు. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట నిజమే, కానీ మొదటి నెలలోనే ఆ అంకె ముందు పెడితే సగం మందికి టెన్షన్ వచ్చి అసలుకే మానేస్తారు. ముందు పది నిమిషాలు పట్టుబడనివ్వండి.

ఊరు చేయాల్సిన పని కూడా ఉంది. 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా 3 లక్షల మందికి పైగా యోగా చేశారు, గిన్నిస్ రికార్డు వచ్చింది, గర్వంగానే ఉంది. కానీ 22 పొద్దున్న ఆ మనిషి ఎక్కడ చేయాలి, ఎవరితో చేయాలి? నన్నడిగితే బీచ్ రోడ్డులో పొద్దున్నపూట వాహనాలు ఆపి నడిచేవాళ్లకి వదిలేయడం అంతకన్నా పెద్ద పని. ఆ టైము, ఆ రోడ్డు అలా ఉన్నాయి కాబట్టే బద్ధకస్తులు కూడా వస్తున్నారు. బీచ్ పక్కన ఇల్లు లేని మాలాంటివాళ్ల సంగతేంటి? లారీల పక్కన, బళ్లు పెట్టేసిన ఫుట్‌పాత్ పక్కన నడవాలి. మా పేటలో ఉన్న ఒక్క పార్కూ మేం డ్యూటీ దిగే వేళకి తాళం వేసి ఉంటుంది.

కాబట్టి వచ్చే డిసెంబరులో మీ ప్రత్యేక పేజీ వేసేటప్పుడు విజేతల కథలు కొంచెం తగ్గించి, విశాఖలో ఏ వార్డులో ఏ మైదానం ఎన్నింటికి తెరుస్తారు, ఎన్నింటికి మూస్తారు, రాత్రి లైట్లు ఉంటాయా, స్కూల్ గ్రౌండ్లలోకి సాయంత్రం బయటివాళ్లని రానిస్తారా అన్న వివరాలు ఒక పట్టికగా వేయండి. గాజువాక వైపు సమాచారం కావాలంటే మా షిఫ్టువాళ్లం తిరిగి రాసుకొచ్చి ఇస్తాం.

ఇట్లు,
ఒక షిఫ్టు ఉద్యోగి,
గాజువాక, విశాఖపట్నం