చెప్పిన ఫీజు ఒకటి, కట్టించుకున్నది మరొకటి

పాఠశాల యాజమాన్య సంస్థ ఫిర్యాదుల విభాగానికి,

విషయం: 2025–26లో మూడో తరగతి ప్రవేశ సమయంలో ఇచ్చిన మాట నిలుపుకోకపోవడం, అదనపు వసూళ్లు.

అయ్యా,

మీ హైదరాబాద్ శాఖలో మా అమ్మాయి మూడో తరగతి చదువుతోంది. చేర్పించే ముందు మేము చూసిన మరో బడిలో ఫీజు మీకంటే 22,000 రూపాయలు తక్కువ. అయినా మీ బడిలోనే చేర్చడానికి కారణం, సెక్షనుకు ముప్పై మందికి మించరని, పుస్తకాలు, యూనిఫాం సహా 96,000 రూపాయల్లో అన్నీ వస్తాయని మీ అడ్మిషన్ల సిబ్బంది చెప్పడమే. ఆ అంకెను ఫీజు పట్టికపై పెన్నుతో రాసి, చుట్టూ సున్నా చుట్టి మరీ ఇచ్చారు. దాని నకలు జతపరిచాను. ఈత కొలను, డిజిటల్ బోర్డులు చూసి మేమూ కొంత మురిసిపోయామన్నది దాచను.

జూన్‌లో బడి తెరిచిన వారానికే పుస్తకాల పేరుతో 8,400, యూనిఫాంకు 5,200, 'యాక్టివిటీ ఫీజు' కింద 6,000 రూపాయలు కట్టించుకున్నారు. ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి గణిత పుస్తకం వెల 65 రూపాయలు. మీరిచ్చిన కట్టలో అది లేదు. దాని స్థానంలో మీ సంస్థ ముద్రించుకున్న పుస్తకాలు ఉన్నాయి.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధించినది తరగతి గది పరిస్థితి. సీబీఎస్‌ఈ నిబంధనల్లో సెక్షనుకు సాధారణ పరిమితి 40 మంది కాగా, మా అమ్మాయి సెక్షనులో 47 మంది ఉన్నారు. దసరా సెలవుల నాటికే లెక్కల టీచర్లు ముగ్గురు మారారు. సెలవుల్లో ఆమె వర్క్‌బుక్ తిరగేస్తే, భాగహారం పాఠంలో ఒక్క అంకె కూడా వేయని పేజీ కింద 'వెరీ గుడ్' అన్న రబ్బరు స్టాంపు నీలంగా పడి ఉంది. 47 పుస్తకాలు దిద్దాల్సిన ఆ టీచరమ్మను నేను తప్పుపట్టడం లేదు. 1994లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో నంబరు 1 ప్రకారం వసూలైన ఫీజుల్లో సగం సిబ్బంది జీతాలకు వెళ్లాలి, యాజమాన్యానికి 5 శాతమే చెందాలి. మీ శాఖలో టీచర్లు ఒక్క ఏడాదైనా ఎందుకు నిలవడం లేదో ఆ లెక్క చూస్తే తెలుస్తుందని నా అనుమానం.

ఈ సంగతి శాఖ ప్రిన్సిపాల్‌కు రెండుసార్లు రాతపూర్వకంగా తెలిపాను. 'పై ఆఫీసుకు పంపాం' అన్న జవాబు తప్ప మరేమీ రాలేదు కనుక నేరుగా మీకు రాస్తున్నాను.

అదనంగా తీసుకున్న 19,600 రూపాయలు తిరిగి ఇప్పించాలని, సెక్షనును విభజించి లెక్కలకు స్థిరమైన టీచరును నియమించాలని, ఈ ఏటి ఫీజులో జీతాలకు ఎంత వెళ్లిందో లిఖితపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను. పదిహేను రోజుల్లో సమాధానం రాకపోతే ఇవే పత్రాలను జిల్లా విద్యాశాఖాధికారికి, సీబీఎస్‌ఈకి సమర్పిస్తాను.

నాలుగో తరగతి సీటు కోసం ముందస్తుగా 15,000 కట్టమని నిన్న మీ సంస్థ నుంచి ఫోనుకు సందేశం వచ్చింది. మీ జవాబు అందేవరకు ఆ డబ్బు కట్టను.

భవదీయుడు,
మూడో తరగతి విద్యార్థిని తండ్రి

జతపరిచినవి: ఫీజు పట్టిక నకలు, మూడు రసీదులు, వర్క్‌బుక్ పేజీ ఫొటో