బిడ్డకు, హనుమకొండ నుంచి

బిడ్డా,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటున్నావు. అందుకే రాస్తున్నా, తీరిక దొరికినప్పుడే చదువు. ఇక్కడ అందరం మంచిగున్నాం. అమ్మ మోకాళ్లకు డాక్టర్ గోలీలు మార్చాడు. చౌరస్తాలో మక్కకంకులు వచ్చాయి, బొగ్గుల మీద కాలుస్తుంటే ఆ వాసనకు నువ్వే యాదికొస్తావు. థైరాయిడ్ గోలీ పరిగడుపున వేసుకుంటున్నావా?

మొన్న హుజూరాబాద్ పెళ్లిలో జమ్మికుంట చిన్నమ్మ అందరి ముందూ అడిగింది, "మీ పిల్ల ఇల్లు విడిచి ఏదో ఆశ్రమంలో చేరిందట గదా, ముప్పై కుటుంబాలకు ఒకటే వంటిల్లట, జీతాలన్నీ ఒకే డబ్బాలో వేస్తారట" అని. అమ్మ విస్తరి ముందు నుంచి లేచిపోయింది. నేను అక్కడే నిలబడి చెప్పాను, అది ఆశ్రమం కాదు, కోహౌసింగ్ అంటారని. ఎవరి ఇల్లు వాళ్లదే, ఎవరి వంటిల్లు వాళ్లకు ఉంది, ఎవరి జీతం వాళ్లదే. నడిమధ్య అందరికీ కలిపి ఒక కామన్ హౌస్, అందులో పెద్ద వంటగది, బట్టలుతికే మిషన్లు, చుట్టాలొస్తే పడుకునే గది. వారంలో కొన్ని రాత్రులు ఇష్టమైనవాళ్లు అక్కడ కలిసి తింటారు, వంట వంతులవారీగా. కార్లన్నీ ఒక అంచుకు ఆపి ఇళ్ల మధ్య నడిచే దారే ఉంచుతారు కాబట్టి పిల్లలు భయం లేకుండా ఆడుకుంటారు. అల్లుడు పంపిన కాగితాలన్నీ చదివాను మరి. యాన్ గుడ్మండ్ హోయర్ అనే ఆర్కిటెక్ట్ 1964లో డెన్మార్క్‌లో మొదలుపెడితే ఇరుగుపొరుగు అడ్డం పడి ఆగిపోయిందట, 1972లో గానీ ఆ దేశంలోనే సెట్టెడామెన్ అనే చోట 27 ఇళ్లు నిలబడలేదట. అమెరికాలో మొదటిది మీ కాలిఫోర్నియాలోనే, డేవిస్ ఊళ్లో, 1991లో, 26 ఇళ్లతో. అంతా విని చిన్నమ్మ, "అయితే మన పాత వాకిళ్ల లెక్కనే గదా" అన్నది. ఆ మాట నన్ను పట్టుకుంది.

ఆ పద్ధతి మీద నాకు అనుమానం లేదు. బాబుకు అంతమంది పెద్దవాళ్లు దొరికారంటే సంతోషమే. నా టెన్షన్ నీ గురించి. అల్లుడు మొన్న నోరు జారాడు, "ఈ నెల తన వంట వంతు తనే, ఇంకొకరిదీ తనే, కామన్ హౌస్ కడిగిందీ తనే" అని. గుచ్చి అడిగితే మాట మార్చాడు.

పరకాల పెద్దమ్మ నీకు అంతగా యాదికి ఉండదు. మట్టెవాడ ఇంట్లో నాలుగు కుటుంబాలు, ఒకటే వాకిలి, ఒకటే నల్లా. నల్లా తెల్లవారుజామున వచ్చేది. మూలకున్న సిమెంటు గోలెం నింపి, వాకిలి ఊడ్చి సాన్పు చల్లడం రోజుకో ఇంటి వంతు. పెద్దమ్మది మంగళవారం. ఒకరికి జ్వరమొస్తే "నేను నింపుతా తియ్" అనేది, ఇంకొకరికి చుట్టాలొస్తే "పోనీ నేను ఊడుస్తా తియ్" అనేది. మెల్లగా ఎవరి వంతు ఏ రోజో అందరూ మరిచిపోయారు. చీకట్లో బిందె చప్పుడు వినపడితే పెద్దమ్మ లేచిందనుకుని అటు తిరిగి పడుకునేవాళ్లం. ఒక బతుకమ్మ ముందు రోజు ఇంటినిండా పని, వాకిట్లో తంగేడు పూల కుప్పలు, ఎవరో అన్నారు, "పెద్దమ్మా, గోలెం ఇంకా నింపలేదేంది?" అని. ఆమె బకెట్ అక్కడే పెట్టి లోపలికి పోయి గొళ్లెం పెట్టుకుంది. ఆ ఏడు బతుకమ్మ ఆడలేదు. సంక్రాంతి దాటాక కాశిబుగ్గకు మారిపోయారు, మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆ మాట అడిగింది మీ నాయినమ్మే. చెడ్డ మనసుతో కాదు. పోయేదాకా అంటుండేది, "నావల్ల కాదు అని ఒక్క మాట చెప్తే అయిపోయేది గదా" అని.

నీదీ ఆ గుణమే. కాజీపేట సంగతప్పుడు కూడా ఇట్లాగే గమ్మున ఉన్నావు, మాకు ఆర్నెల్లకు తెలిసింది. అక్కడ ఎవరన్నా ఏమన్నా అన్నారా? అందుకేనా ఫోన్ ఎత్తనిది? నీతులు చెప్పొద్దనే కూర్చున్నా గానీ చెప్పక తప్పడం లేదు. మీ మీటింగుల్లో ఓట్లు లెక్కపెట్టకుండా అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుంటారట గదా. అందులో నువ్వు నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టే రాసుకుంటారు. ఈసారి మీటింగ్‌లో వంట వంతుల కాగితం ముందేసుకుని, ఎవరి పేరు ఎన్నిసార్లుందో అందరితో కలిసి చూడు. కోపంగా కాదు, మామూలుగానే అడుగు. అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్లు కలిసి బతకాలని అంత దూరం ఆలోచించి ఇళ్లు కట్టుకోరు.

అట్లాగే నెల నెలా కట్టే డబ్బులో పైకప్పులకు, పైపులకు ఎంత పక్కన పెడుతున్నారో లెక్క అడుగు. ఇక్కడ మన అపార్ట్‌మెంట్‌లో బోరు మోటర్ కాలిపోతే ఫండ్‌లో రూపాయి లేదు, ఇంటింటికీ తిరిగి వసూలు చేసేదాకా ట్యాంకర్ నీళ్లే దిక్కయ్యాయి.

అమ్మ సకినాలకు బియ్యం నానబోస్తానంటోంది, మీ అందరికీ సరిపోయేట్టు. పార్సిల్ మీద మీ ఇంటి నంబర్ రాయాలా, కామన్ హౌస్‌ది రాయాలా చెప్పు. నువ్వులు పడని పిల్లలు ఎవరన్నా ఉన్నారేమో ముందే కనుక్కో, వాళ్లకు నువ్వులు లేకుండా గరిజెలు వేరే డబ్బాలో కట్టి పేరు రాసి పెడుతుంది.

బాపు