వార్షిక నివేదిక 2025–26: కాగితాల ఆదివారం, నీటి గుర్తుల పట్టిక

సభ్యులందరికీ నమస్కారమండి.

ఏప్రిల్ 12 ఆదివారం ఉదయం పది గంటలకు రామాలయం పక్కన మన హాల్లో సర్వసభ్య సమావేశం. నిరుడు నేను నివేదిక చదువుతుండగానే చాలామంది లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఏడాది పొడుగునా సంఘం ఏం చేస్తోందని అడిగినవాళ్లూ వాళ్లే. అందుకే ఈసారి ముందుగానే పంపుతున్నాను. కొంచెం పెద్దదే, అయినా చివరిదాకా చదవండి. ఈ ఏడాది మనవాళ్లు పడ్డ కష్టం ఊరందరికీ తెలియాలి. పేర్లు సమావేశంలో ఒక్కొక్కరినీ నిలబెట్టి చదువుతాను, ఇక్కడ రాస్తే ఎవరో ఒకరి పేరు జారిపోతుంది, అది నాకు ఇష్టం లేదు.

మామూలు పనులన్నీ మామూలుగానే జరిగాయి. కంటి పరీక్షల శిబిరం, ఏటిగట్టు మీద మొక్కలు, సంక్రాంతి ముగ్గుల పోటీ, పదో తరగతి పిల్లలకు పుస్తకాలు. వీటి గురించి మీ అందరికీ తెలుసు.

ఇక అసలు సంగతి. 2022 జులై వరదలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలినప్పుడు మన లంక వీధులు ఎన్ని రోజులు నీళ్లలో ఉన్నాయో మళ్లీ చెప్పక్కర్లేదు. నీళ్లు తీశాక లంక వీధి మామ్మగారు ట్రంకుపెట్టె తెరిస్తే నేను పక్కనే ఉన్నాను. పట్టాదారు పాసు పుస్తకం, మామయ్యగారి మరణ ధ్రువీకరణ పత్రం, అబ్బాయి మార్కుల జాబితా, అన్నీ తడిసిన పూతరేకుల్లా ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఆవిడ గోరుతో మెల్లిగా విడదీయబోతే సిరా అంతా వేలికే అంటుకుంది. నష్టపరిహారం కోసం ఏ కాగితం అడిగారో ఆ కాగితమే వరదలో పోయింది.

"ఇప్పుడంతా ఫోన్‌లోనే ఉంటుంది కదండీ" అంటారు. ఉంటుంది, కానీ ఎక్కడుంటుంది? మొన్న ఫిబ్రవరిలో మన సభ్యుడొకాయన పాసు పుస్తకం ఫోటో కోసం నా ముందే అరుగు మీద కూర్చుని ఫోన్ పైకీ కిందికీ తోస్తూనే ఉన్నారు. గుడ్ మార్నింగ్‌లు, దేవుడి బొమ్మలు, పెళ్లి శుభలేఖలు, రొయ్యల చెరువు ఏరియేటర్ల రేట్లు, వాటి మధ్య ఎక్కడో ఆ ఒక్క ఫోటో. ముప్పావుగంట వెతికాక దొరికింది. తీరా చూస్తే సర్వే నంబరు ఉన్న మూల బొటనవేలు అడ్డుపడింది. ఆయనకు చదువు లేక కాదు, బ్యాంకు పని నుంచి సొసైటీ పని దాకా అన్నీ సొంతంగా చేసుకునే మనిషి. ఏది ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు, అంతే.

అందుకే 2025 జూన్ 15న "కాగితాల ఆదివారం" పెట్టాం. వరదలకు ముందే అయిపోవాలని ఆ తేదీ. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ గోనె సంచిలోనైనా సరే వేసుకుని రమ్మని రామాలయం మైకులో రెండు రోజులు చెప్పించాం. రెండు స్కానర్లు (ఒకటి అరువు), నాలుగు ల్యాప్‌టాప్‌లు, అమలాపురంలో డిగ్రీ చదువుతున్న మన పిల్లలు ఆరుగురు. ఉదయం ఎనిమిదికి మొదలైతే రాత్రి దీపాలు పెట్టాక కూడా వరండాలో జనం ఉన్నారు. ఇంతమంది ఒకే పని మీద హాల్లోకి రావడం నేను కార్యదర్శి అయ్యాక అదే మొదటిసారి.

చేసిన పని చిన్నదే. ప్రతి కాగితాన్నీ స్కాన్ చేసి దానికి సరైన పేరు పెట్టడం. ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, ఆ తర్వాత కాగితం పేరు, చివర ఇంటిపేరు. ఇలా పెడితే ఏ ఫోన్‌లోనైనా వాటంతట అవే వరసలో నిలబడతాయి. "కొత్తది", "కొత్తది రెండు", "అసలు ఫైనల్" అని పెడితే ఆర్నెల్లకే ఏది ఏదో తెలియదు. ఒక ప్రతి ఫోన్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర. ఆ మూడోది ముఖ్యం, ఎందుకంటే వరద వస్తే ఫోనూ పెన్‌డ్రైవూ రెండూ ఒకే ఇంట్లో మునుగుతాయి. కాగితాలను ఫోన్‌లో దాచుకునే ప్రభుత్వ యాప్ డిజీలాకర్ 2015 నుంచీ ఉన్నా మన ఊళ్లో దాన్ని వాడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అందులోకి వచ్చిన డ్రైవింగ్ లైసెన్సు, ఆర్‌సీలకు అసలు కాగితంతో సమానమైన విలువ ఉందని చెబితే చాలామంది నమ్మలేదు. ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్, 1బి అనే పొలం కాగితాలు ఎలా తీసుకోవాలో కూడా చూపించాం. చాలామందికి డిజీలాకర్ తెరుచుకోలేదు. ఆధార్‌కు ఇచ్చిన నంబరు ఎప్పుడో ఆగిపోయిన సిమ్ముదో, కువైట్‌లో ఉన్న అమ్మాయిదో అయితే ఓటీపీ ఎక్కడికి వస్తుంది? అలాంటివాళ్ల జాబితా రాసుకుని, తర్వాత రెండు వారాల్లో మనవాళ్లు ఆటో మాట్లాడి ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లారు.

ఇంకో మాట, కొందరు అనుమానపడ్డారు గనక రాస్తున్నాను. ఎవరి ఓటీపీ మేం చూడలేదు, ఎవరిది వాళ్లే కొట్టుకున్నారు. ఎవరి ఆధార్ ప్రతీ సంఘం దగ్గర లేదు. సాయంత్రం ల్యాప్‌టాప్‌లలో ఉన్నవన్నీ యజమానుల ముందే తుడిచేశాం.

ఆరోజే మాజీ కార్యదర్శి మాస్టారి ఇంటి నుంచి ఒక పాత రిజిస్టరు వచ్చింది. చెదలు అంచు తినేసింది కానీ లోపల రాత చెక్కుచెదరలేదు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, మన ఊళ్లో నీళ్లు ఏ పూట ఏ గడప దాటాయో మాస్టారు రోజువారీగా రాసి పెట్టారు. బడి మెట్లు, రామాలయం ధ్వజస్తంభం అడుగు, పెద్ద బావి గట్టు. పక్కనే ధవళేశ్వరంలో ఎన్ని అడుగులున్నాయో రేడియోలో విని రాసుకున్న అంకెలు. ఆ పేజీ చదువుతుంటే నా చేతులు వణికాయండి. ముప్పై తొమ్మిదేళ్లు ఆ రిజిస్టరు అటక మీద పడి ఉంది, ఈలోపు ఎన్ని వరదలు వచ్చి పోయాయి!

ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని ప్రతి ఏడాదీ టీవీలో వింటాం. కానీ ఆ 13.75 అంటే మన ఊళ్లో ఏది మునుగుతుంది? కాజ్‌వే మీద మోటారు సైకిల్ పోతుందా, లంకలో పశువులను ఎప్పుడు గట్టెక్కించాలి? ఏ వెబ్‌సైటూ అది చెప్పదు. మాస్టారి రిజిస్టరు చెప్పింది. దాన్ని పట్టుకుని మన పిల్లలు ఇంకో తెలివైన పని చేశారు. 2022లో నీళ్లు వచ్చినప్పుడు తీసిన ఫోటోలు అందరినీ అడిగారు, అది కూడా వాట్సాప్‌లో తిరిగినవి వద్దు, ఎవరు తీశారో వాళ్ల ఫోన్‌లో ఉన్న అసలు ఫోటోనే కావాలన్నారు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే దానిలో దాగి ఉండే వివరాలు పోతాయట, అసలు ఫోటోలో అయితే తీసిన తేదీ, గంట, నిమిషంతో సహా ఉంటాయి. ఆ గంటకు ధవళేశ్వరంలో ఎన్ని అడుగులుందో పాత బులెటిన్లలో చూసి, రిజిస్టరుతో పోల్చి, "నీటి గుర్తుల పట్టిక" తయారు చేశారు. అటు అడుగులు, ఇటు మన ఊళ్లో మునిగే చోటు, మధ్యలో ఎంత సమయం ఉంటుందో ఒక అంచనా. భద్రాచలం నుంచి ధవళేశ్వరానికి నీళ్లు రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది కాబట్టి అక్కడి 43, 48, 53 అడుగుల హెచ్చరికలు కూడా పైన వేశాం.

ఆగస్టులో ఏరు ఎర్రబడి పెరుగుతున్నప్పుడు ఈ పట్టిక చూసే లంకలో పశువులను పగటిపూటే ఇవతలికి తోలుకొచ్చాం. అర్ధరాత్రి టార్చిలైట్లతో పరిగెత్తే పని ఈసారి లేదు. అదే సాయంత్రం ఎగువన ఏటిగట్టు తెగిపోయిందని ఒక వీడియో వచ్చింది. దాని మీద చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని సూచించే రెండు బాణాలున్నాయి, అయినా ఎవరు చూస్తారు ఆ టెన్షన్‌లో? ఇద్దరు అప్పుడే మంచాలు, గ్యాస్ సిలిండర్లు ట్రాక్టర్ ఎక్కించారు. మన కుర్రాడొకడు ఆ వీడియోలో ఒక చోట ఆపి, ఆ బొమ్మతో ఇంటర్నెట్‌లో వెతికితే అది 2022 నాటిదని తేలింది. వెంటనే రామాలయం మైకులో చెప్పాం. గ్రూపులో రాసి ఊరుకుంటే సగం మందికి చేరేది కాదు.

మొంథా తుపాను అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు ఇంకో పాఠం దొరికింది. కరెంటు పోయింది, టవరు పోయింది, ఫోన్లన్నీ చల్లబడ్డాయి. ముందురోజే వాతావరణ శాఖ బులెటిన్‌నూ, పునరావాస కేంద్రం, అంబులెన్సు, లైన్‌మన్ నంబర్లనూ అచ్చు తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రామాలయం గోడకూ రేవు దగ్గర టీ బడ్డీకీ అంటించి ఉంచాం కాబట్టి సరిపోయింది. ఏ ముఖ్యమైన సమాచారమైనా ఒక ప్రతి కాగితం మీద ఉండాలని కమిటీ తీర్మానం చేసింది.

మోసాల సంగతి. జనవరిలో పీఎం కిసాన్ పేరుతో వచ్చిన ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) నొక్కి మన సభ్యులొకరు డబ్బు పోగొట్టుకున్నారు. సిగ్గుపడి దాచుకోకుండా గంటలోపే మనవాళ్లకు చెప్పడం, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయడం వల్ల కొంత డబ్బు మధ్యలో ఆగింది. ఆయన ధైర్యంగా అందరి ముందూ ఈ విషయం చెప్పడానికి ఒప్పుకున్నారు, అందుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ప్రభుత్వ పథకం ఏదీ వాట్సాప్‌లో ఏపీకే ఫైలుగా రాదు, ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ఒక్క ముక్క చెప్పండి.

సంఘం పాత నివేదికలు చాలా ఏళ్లవి డీటీపీ సెంటర్‌లో అను అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టించినవి. ఇప్పుడు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల్లా కనపడతాయి, వెతికితే ఒక్క మాట దొరకదు. వాటిని అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చడం సగం అయింది. మారినవాటిలో "బోదె" (చిన్న పంట కాలువ) అని కొడితే చాలు, ఏ ఏడాది ఏ బోదె తవ్వించమని ఎన్నిసార్లు అర్జీ పెట్టామో వరసగా వస్తోంది. కొబ్బరికాయల ధర బోర్డు కూడా పెట్టాం, అంబాజీపేటలో వెయ్యి కాయలకు ఎంత పలికిందో వారానికి రెండుసార్లు రాస్తున్నారు.

ఇప్పుడు నా బాధ కూడా వినండి. కాగితాల ఆదివారం నాడు ఇరవై ఎనిమిది మంది వాలంటీర్లుగా పేర్లిచ్చారు, ఫోటోలు దిగారు. తర్వాత వారం వారం పని ఉంటుందంటే వచ్చినవాళ్లు ఆరుగురు, సెప్టెంబరు నుంచి నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరికి ఈ జూన్‌లో చదువు అయిపోతుంది, ఉద్యోగాలకు హైదరాబాద్ వెళ్లిపోతారు. సమాచారం ఒక్కరోజు సర్దేస్తే అయిపోయేది కాదు, ఇంట్లో వంట లాగా రోజూ ఉండే పని. రాలేకపోతే రాలేనని చెప్పండి, ఏమీ అనుకోం. మాట ఇచ్చి ఫోన్ ఎత్తకపోతేనే కష్టం.

రేవు దగ్గర అడుగుల గుర్తులున్న స్తంభం వేయించమని ఒక కార్యాలయానికి మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మొదటిది కనపడలేదన్నారు, రెండోది వేరే సెక్షన్‌కు పంపామన్నారు, మూడోదానికి రసీదు కూడా ఇవ్వలేదు. సమాచార హక్కు చట్టం కింద అడిగాం, ముప్పై రోజుల గడువు దాటిపోయింది, మొదటి అప్పీలు వేశాం. అలాగే ఊళ్లో గ్రంథాలయం గది తాళం ఇంకా మనకు ఇవ్వలేదు. ఆంధ్ర దేశంలో గ్రంథాలయ ఉద్యమానికి పితామహుడనిపించుకున్న అయ్యంకి వెంకటరమణయ్యగారు మన గోదావరి జిల్లాలో కొంకుదురులో పుట్టినాయన. ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు మనమందరం కడుతున్నాం. ఆ గదిలో ఒక కంప్యూటరు, ఒక స్కానరు, సాయంత్రం రెండు గంటలు కూర్చునే మనిషి ఉంటే చాలు. తాళం అడుగుతున్నాం అంతే, డబ్బు అడగడం లేదు.

జమాఖర్చులు: మొత్తం చందాలు, విరాళాలు కలిపి వచ్చినదానికంటే ఖర్చు కాస్త తక్కువే. ఆడిటర్ సంతకం పెట్టిన పత్రం హాల్లో బోర్డుకు అంటించాం, వివరాలు కోశాధికారి చెబుతారు. పాత చందా బకాయిలున్నవాళ్లు దయచేసి సమావేశం రోజే కట్టేయండి.

కృతజ్ఞతలు చెప్పాల్సినవాళ్లు చాలామంది. అరువు స్కానరు ఇచ్చిన మీసేవ కుర్రాడికి, తుపాను రాత్రి జనరేటర్ మీద ఊరి ఫోన్లన్నీ చార్జింగ్ పెట్టనిచ్చిన కొబ్బరి వ్యాపారిగారికి, మైకు అడిగినప్పుడల్లా ఇచ్చిన ఆలయ కమిటీకి, ప్రార్థన తర్వాత మన ప్రకటనలు చదివించిన చర్చి పాస్టరుగారికి, మధ్యాహ్నం అందరికీ పులిహోర, మజ్జిగ పంపిన డ్వాక్రా మహిళలకు, ఆటో కిరాయి తీసుకోని తమ్ముడికి, మస్కట్ నుంచి పెన్‌డ్రైవ్‌లకు డబ్బు పంపిన ఆడపడుచులకు, రిజిస్టరు దాచి ఉంచిన మాస్టారి కుటుంబానికి. మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన భార్య సమావేశానికి వస్తానన్నారు, రిజిస్టరు ఆవిడ చేతుల మీదుగా సంఘానికి తీసుకుంటాం.

సమావేశంలో తేలాల్సినవి రెండు. కాగితాల ఆదివారం ఈ ఏడాది జూన్ 14న పెట్టాలా, ఇంకా ముందుకు జరపాలా. రెండోది, నీటి గుర్తుల పట్టిక బాధ్యత ఎవరిది? ప్రతి వరదకూ కొత్త గుర్తులు చేర్చాలి, కాజ్‌వే ఎత్తు పెంచితే పాత అంకె మార్చాలి, అచ్చు ప్రతులు వానాకాలం ముందే గోడలకు అంటించాలి. వీధికి ఇద్దరు చొప్పున కావాలి, అందులో ఒకరు ఆడవాళ్లయితే మంచిది, పగలు ఊళ్లో ఉండేది వాళ్లే. పేర్లు ఇచ్చేవాళ్లు పదో తేదీలోగా నాకు ఫోన్ చేయండి, లేదా సాయంత్రం ఆరు తర్వాత హాల్లోనే ఉంటాను, రండి.

ఇట్లు,
కార్యదర్శి