బురదలో మా బ్రేకులు నిలబెట్టిన అక్కకు కృతజ్ఞతలు

గోళ్ల సందుల్లో మట్టి ఇంకా పోలేదు. బ్రేకులు నొక్కీ నొక్కీ ముంజేతులు బిగుసుకుపోయాయి, ఫోన్ పట్టుకోవడమే కష్టంగా ఉంది. అయినా ఇవాళే రాస్తున్నాం. ఈ వారాంతం కొండ మీద జరిగిన ఎండ్యూరో సైకిల్ పోటీలో మా అమెచ్యూర్ జట్టు చివరి గీత దాటి, ఎముకలు విరగకుండా ఇంటికి చేరిందంటే దానికి కారణమైనవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఈ మాట ఆలస్యం చేయకుండా చెప్పాలి.

అందరికంటే ముందు పక్క డేరాలోని మెకానిక్ అక్కకు. అక్కా, పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. కానీ మీరు చేసిన పని మాత్రం పూర్తిగా రాస్తాం. “ఇదేం పెద్ద పని” అన్నారు మీరు. మేం ఒప్పుకోం.

ఈ పోటీల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. ఎండ్యూరోలో టైము లెక్కించేది దిగుడు స్టేజీలకే. పైకి ఎక్కడానికి గడువు ఉంటుంది గానీ, ఆ టైము ఫలితంలో కలవదు. అంటే పోటీ అంతా దిగడంలోనే ఉంది, దిగడం అంతా బ్రేకుల్లో ఉంది. శనివారం వానకు ట్రాక్ మొత్తం ఇసుక కలిసిన బంకమట్టి అయిపోయింది. తడి ఇసుక రోటర్‌కీ (చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లెం) దాన్ని నొక్కి పట్టే ప్యాడ్‌కీ మధ్య చేరితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. జిగురు పదార్థంతో చేసే రెజిన్ ప్యాడ్లు పొడి నేల మీద మెత్తగా, చప్పుడు లేకుండా పట్టుకుంటాయి గానీ ఇలాంటి రొచ్చులో ఒక్క పూటకే అరిగిపోతాయి. లోహపు పొడిని వేడితో గట్టిపరిచి చేసే సింటర్డ్ ప్యాడ్లు చప్పుడు చేస్తాయి, చల్లగా ఉన్నప్పుడు కాస్త మొండిగా పట్టుకుంటాయి. బురదలో నిలబడేవి మాత్రం అవే. మా దగ్గరున్న స్పేర్ ప్యాడ్లన్నీ మధ్యాహ్నానికే అయిపోయాయి. సాయంత్రానికి ఒక సైకిల్‌కు ముందు బ్రేకు ప్యాడ్ మీద అర మిల్లీమీటరు పదార్థం కూడా మిగల్లేదు. అది దాటితే వెనకున్న ఇనుప రేకు నేరుగా రోటర్‌ను గీరుతుంది. ప్యాడ్‌ను తోసే పిస్టన్ ఉండాల్సినదానికన్నా బయటికి వచ్చేస్తుంది, దాని చుట్టూ ఉండే రబ్బరు సీలు దగ్గర ఆయిల్ కారే ప్రమాదం కూడా ఉంటుంది. ఆ స్థితిలో మర్నాడు దిగడం కుదరదు. సర్వీసు డేరా అప్పటికే మూసేశారు. (దాని గురించి కింద రాస్తాం.)

అప్పుడు అక్క తలకు దీపం కట్టుకుని వచ్చారు. తన జట్టు రైడర్ కోసం దాచుకున్న సింటర్డ్ జత తీశారు. వెంటనే బిగించేయలేదు. ముందు రోటర్ తుడిచి దాని మీది అక్షరాలు చదివారు. కొన్ని రోటర్ల మీద రెజిన్ ప్యాడ్లు మాత్రమే వాడాలని అచ్చు వేసి ఉంటుంది. వాటికి సింటర్డ్ వేస్తే రోటర్ తొందరగా అరిగిపోతుంది. మాది అలాంటిది కాదని తేలాక మందం కొలిచారు. ఈ షిమానో కంపెనీ రోటర్ కొత్తగా 1.8 మిల్లీమీటర్లు ఉంటుంది, 1.5కి వస్తే పారేయాలి. ఇంకా ఆయువు ఉంది.

తర్వాత చేసిన పని చూసి నేర్చుకోవాల్సింది. మామూలుగా అందరూ చేసేది ప్యాడ్లు తీసి పిస్టన్లను లోపలికి నెట్టేయడం. అక్క ముందు పిస్టన్లను ఇంకాస్త బయటికి రప్పించారు. లీవర్ మెల్లగా నొక్కుతూ రెండు మిల్లీమీటర్లు, అంతకు మించి కాదు, ఎక్కువైతే పిస్టన్ ఊడి బయటికొస్తుంది. కనబడిన అంచు చుట్టూ దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడిచారు. ఆ మట్టిని తుడవకుండా నెడితే అది నేరుగా సీలులోకి పోతుంది, మర్నాటికి ఒక పిస్టన్ బిగుసుకుని ఒక పక్కే పట్టుకుంటుంది. తుడిచాక అంచుకు ఒక్క చుక్క మినరల్ ఆయిల్ రాసి, నెట్టి, మళ్లీ రప్పించి, మళ్లీ తుడిచారు. దూది తెల్లగా వచ్చేదాకా. (డాట్ అనే వేరే రకం ద్రవం వాడే బ్రేకులకు ఈ ఆయిల్ తగలనివ్వకండి, సీళ్లు ఉబ్బి పాడవుతాయి.) చివరగా నెట్టడానికి వాడింది ప్లాస్టిక్ టైరు లీవర్, స్క్రూడ్రైవర్ కాదు. పిస్టన్లు చాలా బ్రేకుల్లో పింగాణీ లాంటి పదార్థంతో చేస్తారు, అంచు పెచ్చులూడితే పిస్టన్లుండే క్యాలిపర్ మొత్తం పోయినట్టే.

ప్యాడ్లు పెట్టి పిన్ను దూర్చాక ఆ పిన్ను జారకుండా పట్టే చిన్న క్లిప్ మా వాడి వేళ్లలోంచి జారి బురదలో పడిపోయింది. చలికి వేళ్లు మొద్దుబారితే ఆ క్లిప్ పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అక్క కాసేపు వెతికారు. దొరకలేదు. ఏమీ అనకుండా లేచి వెళ్లి, తన సొంత సైకిల్ బ్రేకుకున్న క్లిప్ ఊడదీసి తెచ్చి పెట్టేశారు. తర్వాత తన పొడి గ్లవ్స్ తీసి వాడి చేతులకు తొడిగి, “వేళ్లు వెచ్చబడనీ నాన్నా, నేను బిగిస్తాలే” అన్నారు. పొద్దున్నుంచి పడుతూ లేస్తూ కన్నీటి చుక్క రానివ్వని మనిషి అక్కడ ఏడ్చేశాడు. మేమూ. తన రైడర్ కోసం దాచుకున్న ప్యాడ్లు, తన సైకిల్ క్లిప్, తన గ్లవ్స్ ఇచ్చింది ఏమాత్రం పరిచయం లేని, మర్నాడు తన జట్టుతోనే పోటీపడబోయే మనుషులకు. ఆ మాట ఎన్నిసార్లు తలచుకున్నా గొంతు పట్టేస్తోంది.

క్యాలిపర్ బోల్టులు వదులు చేసి, లీవర్ నొక్కి పట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా 6 నుంచి 8 న్యూటన్ మీటర్ల (బిగింపు బలానికి కొలత) మధ్య బిగించారు. వెనక తెల్లకాగితం పెట్టి రోటర్‌కు రెండు పక్కలా సందు సమానంగా ఉందో లేదో చూశారు. ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. కొత్త ప్యాడ్లను బురదలోకి అలాగే తీసుకెళ్తే రోటర్ మీద ప్యాడ్ పొర ఏర్పడక ముందే ఇసుక వాటిని గీరేస్తుందని, పార్కింగ్ షెడ్డు కింద ఎండిన సిమెంటు నేల మీదికి నడిపించారు. ఓ మోస్తరు వేగం అందుకుని నడక వేగానికి వచ్చేదాకా నొక్కడం, పూర్తిగా ఆపకపోవడం, చక్రం లాక్ కానివ్వకపోవడం, ఒక్కో బ్రేకుకు ఇలా ఇరవై సార్లు. సింటర్డ్ అయితే ఇంకొన్ని. ఆ రాత్రి వేళ షెడ్డులో నిలబడి ఒక్కో నొక్కుడూ లెక్కపెట్టారు ఆవిడ.

మౌంటెన్ బైకింగ్‌కు బ్రేకులతో తగువు మొదటినుంచీ ఉన్నదే. 1976లో కాలిఫోర్నియాలోని టమల్‌పైస్ కొండ దగ్గర పాత సైకిళ్లతో పోటీలు పెట్టుకున్నప్పుడు, వెనక్కి తొక్కితే పట్టే హబ్ బ్రేకు వేడికి గ్రీజు కాలిపోయి, దిగిన తర్వాత హబ్ విప్పి మళ్లీ గ్రీజు కూర్చాల్సి వచ్చేది. బ్రేకులు మారాయి. దిగిన చోట మోకాళ్ల మీద కూర్చుని బాగుచేసే మనిషి అవసరం మారలేదు.

హ్యాంగర్ సంగతి కూడా చెప్పాలి. వెనక గేర్లు మార్చే డీరైలర్ చిన్న పళ్లచక్రాల్లో గడ్డీ మట్టీ కలిసి ముద్దయితే చైన్ ఆగిపోతుంది. ఆ క్షణంలో బలంగా తొక్కితే డీరైలర్ చక్రం వైపు తిరిగి, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది, లేదా విరుగుతుంది. ఫ్రేము బతకాలని దాన్ని మెత్తటి అల్యూమినియంతో చేస్తారు కాబట్టి వంగడం దాని ధర్మమే. చైన్ బరువుగా తిరుగుతున్నట్టు అనిపించగానే తొక్కడం ఆపి పుల్లతో గీకేయాలి. మా రెండో సైకిల్‌ది వంగింది. అక్క డీరైలర్ విప్పి, వంపు కొలిచే గేజ్ బిగించి, చక్రం అంచుకు దూరం నాలుగు వైపులా కొలిచారు. ప్రతిసారీ వాల్వు ఉన్న చోటే కొలిచేలా చక్రాన్ని తిప్పుతూ వచ్చారు, అప్పుడు చక్రం కాస్త వంకరగా ఉన్నా కొలత తప్పదు. తేడా నాలుగు మిల్లీమీటర్లు దాటకూడదు, 12 గేర్ల క్యాసెట్‌కైతే (వెనక పళ్లచక్రాల గుత్తి) అంతకన్నా తక్కువే ఉండాలి. అటూ ఇటూ వంచుతూ ఉంటే అల్యూమినియం అలసి విరిగిపోతుందని ఒక్క దిశలోనే, కొంచెం కొంచెంగా లాగి సరిచేశారు. “రేపు ఒక్క రోజుకే ఇది, ఇంటికెళ్లగానే కొత్తది వేయండి” అని గట్టిగా చెప్పారు. వేస్తాం అక్కా.

ఆదివారం పొద్దున్నే మళ్లీ వచ్చి, పాత ట్యూబు ముక్క కోసి జిప్ టైలతో ఫోర్కు కింద కట్టి కళ్లలోకి మట్టి ఎగరకుండా చేశారు. ఫ్రేము కింది గొట్టానికి సిలికాన్ స్ప్రే కొట్టి రుద్దారు, మట్టి అంటుకున్నా ఊడిపోవడానికి. స్ప్రే కొట్టేముందు రెండు చక్రాలూ విప్పి అవతల పెట్టి, క్యాలిపర్లకు ప్లాస్టిక్ సంచులు చుట్టారు. ఆ స్ప్రే ఒక్క తుంపర రోటర్ మీద పడినా రాత్రి పడ్డ కష్టమంతా వృథా. టైర్లలో గాలి రెండు పీఎస్ఐ తగ్గించమన్నారు, అంతకన్నా తగ్గిస్తే రాళ్ల స్టేజీలో రిమ్ము తగులుతుందన్నారు. పోటీ అయ్యాక గీత దగ్గర నిలబడి, ఫలితం అడగకుండా, వంగి ప్యాడ్ మందం చూశారు. సగానికి పైగా మిగిలింది.

ఇంట్లోవాళ్లు ఎప్పటిలాగే అన్నీ చూసుకున్నారు, వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక నిర్వాహకులకు ఒక మాట, కడుపులో దాచుకోలేక. ఎంట్రీ ఫారంలో మెకానిక్ సాయం ఉంటుందని రాసి, సాయంత్రం పోయి అడిగితే లైసెన్సు ఉన్న రైడర్లకే అనడం ఏం న్యాయం? ఆ డేరా చీకటి పడకముందే మూసేశారు. సైకిళ్లు పాడైనట్టు తెలిసేదే కడిగాక. కడగడానికి అంతమందికీ ఒక్క గొట్టం, అదీ ప్రెషర్ వాషర్. ఆ ధారను హబ్బులు, పెడళ్ల ఇరుసుండే బాటమ్ బ్రాకెట్, హ్యాండిల్ తిరిగే హెడ్‌సెట్, ఫోర్కు సీళ్ల మీద కొడితే గ్రీజు కొట్టుకుపోయి నీళ్లు బేరింగుల్లోకి చేరతాయి. మామూలు కుళాయి గొట్టాలు నాలుగు, బకెట్లు, బ్రష్‌లు పెడితే వరుసా తగ్గుతుంది, బేరింగులూ బతుకుతాయి. కడిగిన నీళ్లు గ్రీజు వదలగొట్టే డీగ్రీజర్‌తో సహా వాగులోకి పోతుంటే ఒక చిన్న కాలువ తవ్వించే మనిషి లేడు. అమెచ్యూర్లను అందరికంటే చివర పంపడం ఇంకో అన్యాయం. అన్ని చక్రాలూ తొక్కి గాడులు మోకాలి లోతయ్యాక, అందరికంటే తక్కువ అనుభవం ఉన్నవాళ్లు అందులోకి దిగాలి. వానరోజున మాకు రెండు స్టేజీలు తగ్గించినా ఎవరూ నొచ్చుకోరు. దారి కూడా కొంత బతుకుతుంది, గాడి తప్పించుకోబోయి పక్క గడ్డి మీదికి ఎక్కి దారిని వెడల్పు చేసే అవస్థ తగ్గుతుంది. వాలంటీర్లను పొద్దున్నుంచి సాయంత్రం దాకా మార్పిడి లేకుండా వానలో నిలబెట్టడం గురించి వాళ్లు అడగరు కాబట్టి మేమే అడుగుతున్నాం.

అయ్యో, ఆ వాలంటీర్లకే ఇంకా చెప్పలేదు. రెండో స్టేజీ వేర్ల మలుపు దగ్గర దారి కాసిన మార్షల్ గారూ, “వేరుకు అడ్డంగా పో, దాని వెంబడి పోకు, బ్రేకు వదులు” అని ప్రతి ఒక్కరికీ అరిచారు, గొంతు పోయి ఉంటుంది. వేరు మీద బ్రేకు పట్టినవాడు పడ్డాడు, మీ మాట విన్నవాడు దాటాడు. ప్రథమ చికిత్స డేరాలో తడిసిన జెర్సీలు విప్పించి పొడి బట్టలు వేసి, ఆ పైన రేకు దుప్పట్లు చుట్టిన ఇద్దరికీ కృతజ్ఞతలు. తడి బట్టల మీద చుడితే లాభం లేదని ఓపికగా చెప్పారు. అక్క పని చేస్తున్నంతసేపూ టార్చి పట్టిన కుర్రాడికి కూడా. బాబూ, నీ చెయ్యి ఎంత నొప్పి పుట్టిందో మాకు తెలుసు. బురదలో దిగబడిన మా వ్యాన్‌ను లాగిన ట్రాక్టరాయనకు. ట్రాక్ చుట్టూ కట్టిన టేపులు ఊడదీసి చెత్త ఏరినవాళ్లకు.

ఇంకొకరు. నాలుగో స్టేజీకి ఎక్కుతుండగా మా చైన్ తెగినప్పుడు ఆగి, తెగిన చైన్‌ను కలిపే 12 గేర్ల క్విక్ లింక్ చేతిలో పెట్టి, “ఇది మీ చైన్‌కు సరిపడేదే, తగిలించాక పెడల్ మీద నిలబడి టక్కుమనేదాకా తొక్కు” అని వెళ్లిపోయిన నీలం హెల్మెట్ అన్నా, మీ నంబరు ప్లేటు బురదలో కనబడలేదు. ఇది చదివితే ఒక్క మాట రాయండి, కొత్త లింకు జత మీకు పంపాలి.