రెండో హెల్మెట్ సంగతి

బగాన్ దాతు, మలేషియా,
సెప్టెంబరు 2025

చి. ప్రసాదుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాయనమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి, నోరు కూడా. కొబ్బరి ధర ఈసారి ఫరవాలేదు గాని సగం కాయలు ఉడుతలే తొలిచేస్తున్నాయి. చెల్లి ఇపోలో హాస్టలు మారింది. ఈ పార్సెల్లో గోంగూర పచ్చడి సీసా ఉంది. మూత మీద ప్లాస్టిక్ కాగితం చుట్టి రబ్బరు వేశాను, నిలువుగానే పెట్టి తెరువు. పోయినసారి నీ చొక్కాలన్నిటికీ నూనె అంటిందని మీ అమ్మ ఇప్పటికీ పోస్టాఫీసు వాళ్ళను తిడుతోంది.

ఫోను చేస్తే "బాగున్నాను నాన్నా, పనిలో ఉన్నాను" అంటావు. ఆ పైన మాట ఉండదు. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయడానికి కుదరదు కాబట్టి రాస్తున్నాను. అంతేగాని ప్రత్యేకంగా విషయమేమీ లేదు.

మొన్న శుక్రవారం సింహాచలం అత్త వచ్చింది. వాళ్ళ రెండోవాడు లారీ వేసుకుని ఉత్తరాన పెర్లిస్ రాష్ట్రం వైపు తిరుగుతుంటాడు కదా, కాకి బుకిట్‌లో సరుకు దించి, టీ తాగుదామని థాయిలాండ్ సరిహద్దులోని వాంగ్ కెలియన్ గేటు దాకా వెళ్ళాడట. టీ కోసం అంత కొండ ఎక్కి దిగినవాడి గురించి నేను వినడం ఇదే మొదలు. అక్కడ నీ బండి చూశాడట. ఒకసారి కాదు, ఆదివారం ఆదివారం అట. నంబరు కూడా తప్పు లేకుండా చెప్పాడు. బండికి రెండో హెల్మెట్ తగిలించి ఉందట. లేత ఊదా రంగుది.

"స్నేహితుడిదై ఉంటుంది" అన్నాను. అత్త మీ అమ్మ వైపు చూసింది. మీ అమ్మ నా వైపు చూసింది. నేను టీవీ వైపు చూశాను.

సరే, అది అలా ఉంచు. వయసులో ఉన్నవాడివి, ఆదివారం పూట నాలుగు ఊళ్ళు చూస్తే తప్పేమిటి? గేటు అవతలి సతూన్ మంచి ఊరే. మనకు పరాయి ఊరు కూడా కాదు, ఒకప్పుడు కెడా సుల్తానుల రాజ్యంలోదే. 1909లో ఇంగ్లీషువాళ్ళూ సియాం (ఇప్పటి థాయిలాండ్) వాళ్ళూ బాంకాక్‌లో కూర్చుని ఒప్పందం రాసుకున్నప్పుడు కెడా, పెర్లిస్, కెలంతాన్, తెరెంగానూ ఇటు వచ్చాయి, సతూన్ అటు ఉండిపోయింది. అక్కడ ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో మలయ్ మాట్లాడతారు. కాబట్టి నీకు అక్కడ మాటకు అంత ఇబ్బంది ఉండదు. ఎవరితో మాట్లాడుతున్నావో నేను అడగడం లేదు.

నిజానికి ఆ గేటు నీకు కొత్త కాదు. నీకు నాలుగేళ్ళు నిండకముందే నువ్వు దాన్ని దాటావు, అదీ పాస్‌పోర్టు లేకుండా. ఈ కథ నీకు ముక్కలుగానే తెలుసు. మీ అమ్మ చెప్పేటప్పుడు చీర బేరం సంగతి వదిలేస్తుంది.

అప్పట్లో వాంగ్ కెలియన్‌లో ఆదివారం సంత ఉండేది. ఆ ఒక్కరోజు కాగితాలేమీ లేకుండానే ఇటువాళ్ళు అటు కొంత దూరం, అటువాళ్ళు ఇటు కొంత దూరం నడిచి వెళ్ళి కొనుక్కునేవాళ్ళు. పెద్ద చిన్నాన్న పాత ప్రోటాన్ కారులో ఏడుగురం ఇరుక్కుని వెళ్ళాం. కొండ మలుపుల్లో నువ్వు రెండుసార్లు వాంతి చేసుకున్నావు. దిగగానే నాయనమ్మ ప్లాస్టిక్ చాపల దగ్గర ఆగిపోయింది. మీ అమ్మ ఒక పూలచీర గుడ్డ దగ్గర నిలబడింది. ఆ అమ్మే అమ్మాయి వేళ్ళు చూపిస్తుంది, మీ అమ్మ ఒక వేలు మడుస్తుంది, ఆమె మళ్ళీ విప్పుతుంది. ఇలా ఎంతసేపు సాగిందో తెలియదు గాని, తల తిప్పేసరికి నువ్వు లేవు.

నా భుజాన అప్పుడే చుట్టిన చాప ఉంది. దానితోనే పరిగెత్తాను. ఎటు తిరిగినా ఎవరికో ఒకరికి తగిలేది. లంకావి నుంచి వచ్చిన ఒక ముసలాయన తలపాగా ఊడిపోయింది, ఆయన తిట్లు ఇంకా చెవిలో ఉన్నాయి. మన వైపు పోలీసు కుర్చీలో కూర్చుని రంబుతాన్లు ఒలుచుకుంటున్నాడు. పిల్లవాడు తప్పిపోయాడంటే "పచ్చ చొక్కానా?" అని అడిగి, గింజ ఉమ్మేసి, థాయి వైపు చెయ్యి చూపించాడు. చూశావా ఆ ప్రశాంతత! ఒక దేశం నుంచి ఇంకో దేశంలోకి పిల్లవాడు నడిచి వెళ్ళిపోతుంటే ఆయన చొక్కా రంగు మాత్రం గుర్తుపెట్టుకున్నాడు.

అటు వెళ్ళి చూస్తే నువ్వు ఒక పళ్ళ దుకాణం వెనుక ఎర్ర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నావు. ఒళ్ళో అరటాకు ముక్క, దానిలో కొబ్బరిపాలతో కలిపిన జిగురు బియ్యపు అన్నం, పక్కన మామిడి ముక్కలు. బుగ్గల దాకా పూసుకున్నావు. ఇంట్లో ముద్ద నోట్లో పెట్టాలంటే వీధంతా తిప్పించేవాడివి, అక్కడ ఎవరూ అడగకుండానే ఆకు నాకేస్తున్నావు. ఆ దుకాణం ఆమెకు మలయ్ బాగా వచ్చు. "మీ ఊరేది అంటే కొబ్బరితోట అన్నాడు, ఇల్లేది అంటే తాత అన్నాడు, ఏ దేశం అని ఇక అడగలేదు" అంది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పైగా ఒక కిలో లొంగాన్లు సంచిలో వేసింది. మీ అమ్మ ఏడుస్తూ వచ్చింది, చంకలో చీర గుడ్డ ఉంది. బేరం మాత్రం పూర్తి చేసుకునే వచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజులు ఇప్పుడు లేవు. 2015 ఏప్రిల్‌లో ఆ వెసులుబాటు తీసేశారు. తర్వాతి నెలలోనే అక్కడి కొండల్లో అడవి శిబిరాలు, సమాధులు బయటపడ్డాయి. 28 శిబిరాలు, 139 సమాధులు. రోహింగ్యాలు, బంగ్లాదేశ్ వాళ్ళు. మనుషులను అమ్ముకునేవాళ్ళు దాచిపెట్టి, ఇళ్ళవాళ్ళ దగ్గర డబ్బు పిండిన చోటు అది. 2019లో విచారణ సంఘం కూడా వేశారు. గేటు దగ్గర నిలబడితే పక్షుల కూత తప్ప వినబడదు, క్యూ ఉండదు, అధికారి ఆవులిస్తుంటాడు. నిజమే. కానీ ఆ సున్నపురాయి కొండల్లో ఎవరైనా "ఇటు నుంచి వెళ్తే దగ్గర, ముద్ర అక్కరలేదు" అంటే వాడు ఎంత స్నేహితుడైనా వాడి వెంట ఒక్క అడుగు వేయకు. ఎవరి సంచీ నీ బండి మీద పెట్టుకోకు. పచ్చడి సీసా అన్నా సరే.

జూలైలో చూశాం కదా. థాయిలాండ్, కంబోడియా ఐదు రోజులు ఫిరంగులతో కొట్టుకున్నాయి, చివరికి మన పుత్రజాయలో కూర్చోబెట్టి ఆపించవలసి వచ్చింది. మొన్నటి దాకా అక్కడా జనం కూరగాయల బండ్లతో అటూ ఇటూ తిరిగినవాళ్ళే. గేటు ఎంత ప్రశాంతంగా ఉన్నా అది గేటే. ఎప్పుడు మూస్తారో మనల్ని అడిగి మూయరు.

నాయనమ్మ ఈ మాట విన్నప్పటి నుంచి సరిగ్గా భోంచేయడం లేదు. "ఉత్తరం వైపు వెళ్ళినవాళ్ళు చెప్పిన రోజుకు రారు" అంటోంది. ఆమె ఎవరిని తలుచుకుని అంటోందో నీకు తెలుసు. తాతను 1943లో సియాం-బర్మా రైలు దారి పనికి తీసుకుపోయినప్పుడు మూడు నెలల పని, రోజుకో డాలరు అన్నారు జపాను వాళ్ళు. సరిహద్దు స్టేషను పదాంగ్ బెసార్ మీదుగా మూసిన గూడ్సు పెట్టెల్లో. మన పట్టాలూ సియాం పట్టాలూ ఒకే కొలత కాబట్టి మధ్యలో దించే పని కూడా లేకపోయింది, నేరుగా సియాంలోని బాన్ పాంగ్‌లోనే దించారు. అక్కడి నుంచి నడక, అడవి, కలరా. బర్మా దాకా 415 కిలోమీటర్ల రైలు దారి ఆ అక్టోబరుకల్లా కలిపేశారు. యుద్ధఖైదీలుగా చచ్చిపోయిన తెల్ల సైనికులకు కాంచనబురిలో వరుసగా రాళ్ళు ఉన్నాయి, దాదాపు ప్రతి రాయి మీదా పేరు ఉంది. మన తోటల నుంచి వెళ్ళిన తమిళులు, తెలుగువాళ్ళు, మలయ్‌లు, బర్మా వాళ్ళు, జావా వాళ్ళు అంతా కలిపి రెండు లక్షలు దాటతారంటారు. లెక్క లక్షల్లో ఉంది గాని పేర్లలో లేదు.

తాత 1946లో తిరిగొచ్చి ఎస్టేటు ఆఫీసులో నిలబడితే గుమాస్తా చెక్‌రోలు (కూలీల హాజరు పుస్తకం) తీసి చూసి "నువ్వు లేవు" అన్నాడట. పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టేసి ఉంది. మనిషి ఎదురుగా ఉన్నాడు, పుస్తకంలో లేడు. మళ్ళీ కొత్త కూలీగా పేరు రాయించుకుని, కొత్త కూలీ జీతంతో మొదలుపెట్టాడు. నేను అదే కుర్చీలో కూర్చుని జీవితమంతా చెక్‌రోలు రాశాను. అందుకే కాగితం విషయంలో నాకు చాదస్తం అని మీరిద్దరూ నవ్వుకుంటారు. నవ్వుకోండి. ముద్ర మాత్రం రెండు చోట్లా వేయించుకో, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ. అధికారి ఫోను చూసుకుంటూ "వెళ్ళు వెళ్ళు" అన్నా వెళ్ళకు, పాస్‌పోర్టు తెరిచి ముందు పెట్టు.

ఉపన్యాసం ఇవ్వకూడదనే అనుకున్నాను. కానీ ఈ నాలుగూ చెప్పి ఆపేస్తాను. థాయిలాండ్ వాళ్ళు మే నెల నుంచి రాక పత్రాన్ని ఫోనులోనే నింపమంటున్నారు, మూడు రోజుల ముందు నుంచి నింపుకోవచ్చు, పైసా అక్కరలేదు. నింపి పెడతామని డబ్బు అడిగేవాణ్ణి నమ్మకు. బండి అసలు గ్రాంటు, అంటే యాజమాన్య కాగితం, వెంట ఉంచుకో. గేటుకు ముందే థాయి ఇన్సూరెన్సు తీసుకో, మన ఇన్సూరెన్సు అటు చెల్లదు. అక్కడి గడియారం మనకంటే గంట వెనుక, అక్కడ ఇంకా టైముంది కదా అని కబుర్లలో పడితే ఇటు గేటు వేసేస్తారు. రాత్రి ఎక్కడ ఉంటావు అప్పుడు? ఇది నా ప్రశ్న కాదు, మీ అమ్మది.

వాన పడ్డప్పుడు ఆ కాకి బుకిట్ మలుపులు దిగకు. బ్రేకు షూ ఎప్పుడు మార్చావు? వెనుక మనిషి కూర్చుంటే బండి ఆగే దూరం పెరుగుతుంది. కూర్చుంటారని నేను అనడం లేదు, మాటవరసకు. ఆ ఊదా రంగు హెల్మెట్‌కు సిరిం నాణ్యత స్టిక్కరు ఉందో లేదో చూడు. రోడ్డు పక్కన అమ్మే ముప్ఫై రింగిట్ల రకమైతే పారేసి మంచిది కొను. డబ్బు తక్కువైతే నేను పంపుతాను, మీ అమ్మకు చెప్పకు. ఎవరి తల అయినా తలే, ఆ తలకూ ఎదురు చూసే తల్లి ఉంటుంది.

ఒక్కటే అడుగుతాను. ఏ ఇల్లు, ఏ మతం అని నేను ముందుగా అడగను. అది ఏదైనా నీ కళ్ళు తెరుచుకుని ఉండాలి, అంతే. ఈ దేశంలో పెళ్ళి చట్టం ఎవరికి ఎలా ఉందో నీకు తెలుసు. 1976 చట్టం మనలాంటివాళ్ళకు, ముస్లిములైతే వాళ్ళ చట్టం వేరు, మతం దగ్గర నుంచి చాలా మారతాయి. సతూన్‌లో ఎక్కువమంది ముస్లిములే. తప్పని అనడం లేదు. తెలియకుండా దిగి, తెలిశాక వెనక్కి తగ్గితే అవతలి పిల్లకు అన్యాయం. నువ్వు ఆలోచించే ఉంటావు. ఆలోచించి ఉంటే మాకు ఒక మాట చెప్పడానికి ఇన్ని ఆదివారాలు ఎందుకు పట్టాయన్నదే నాకు అర్థం కావడం లేదు. సింహాచలం అత్త నోట వినవలసి రావడం ఒక్కటే నాకు కష్టంగా ఉంది. ఆమె వెళ్ళేటప్పుడు మన గోంగూర కూడా కోసుకుని వెళ్ళింది.

దీపావళి అక్టోబరు 20, సోమవారం. రైలు టికెట్లు ఇప్పుడే అయిపోతున్నాయట. అరౌలో ఎక్కి, తాపా రోడ్డులో ఆగే బండి చూసి తీసుకో, నేను కారు తీసుకుని వస్తాను. ఒక టికెట్టు తీసుకుంటావో రెండు తీసుకుంటావో నీ ఇష్టం. రెండైతే ముందుగా చెప్పు, చెల్లి గదిలో పరుపు ఎండలో వేయించాలి. ఇంకో సంగతి, ఆమె దగ్గర సరిహద్దు పాసు మాత్రమే ఉంటే అది ఇక్కడి దాకా చెల్లదు, సరిహద్దు ప్రాంతాలకే. పాస్‌పోర్టు కావాలి. మన దేశంలోకి వచ్చే విదేశీయులు కూడా రాక పత్రం ముందే ఆన్‌లైనులో నింపాలి, మూడు రోజుల లోపల. నింపించి, నకలు ఒకటి కాగితం మీద తీసి పెట్టుకోండి.

నాన్న

మీ అమ్మ కారం తగ్గించి వండాలా అని అడగమంటోంది. థాయి పిల్లకు కారం సంగతి అడగడమేమిటి అన్నాను. థాయి పిల్ల అని మీకెవరు చెప్పారు, స్నేహితుడి హెల్మెట్ కదా అంది.