జ్వరాన్ని దాచిపెట్టి పరుగెత్తే పిల్లలు

సంపాదకులకు నమస్కారం.

జ్వరంతోనే పరుగెత్తి పతకం తెచ్చాడని ఏ క్రీడాకారుణ్ణయినా మెచ్చుకుంటూ వార్త వస్తే నా గుండె గుబేలుమంటుంది. పద్దెనిమిదేళ్లుగా మధ్యదూర పరుగుల్లో పిల్లలకు కోచింగ్ ఇస్తున్నాను. ఇది రాయక తప్పడం లేదు.

నా దగ్గర 800 మీటర్లు పరుగెత్తే పందొమ్మిదేళ్ల కుర్రాడున్నాడు. పొద్దున పక్క మీద నుంచి లేవకముందే నాడి చూసుకుని నోట్‌బుక్‌లో రాయడం మా పిల్లలకు అలవాటు చేశాను. వాడిది ఎప్పుడూ 48, 50 మధ్యే ఉంటుంది. సెలక్షన్ ట్రయల్స్ రోజు 64 అని రాసి, దాన్ని కొట్టేసి, పక్కన 52 వేశాడు. ఆ కొట్టివేత నా కంట పడింది. అడిగితే, "రాత్రి కాస్త ఒళ్లు వెచ్చబడింది సార్, పారాసిటమాల్ వేసుకున్నా, తగ్గిపోయింది" అన్నాడు. ఆ ట్రయల్స్ పోతే మళ్లీ ఏడాది ఆగాలి. సరే పరుగెత్తమన్నాను. ఆ తప్పు నాదే.

చివరి మలుపు దగ్గర వాడి అడుగులు బరువెక్కాయి. ఏడోవాడిగా వచ్చి గడ్డి మీద కూలబడ్డాడు. పది రోజులైనా మెట్లెక్కితే ఆయాసం పోలేదు. ఈసీజీ, రక్తపరీక్షలు, ఎమ్మారై చేశాక తేలిందేమిటంటే, వైరస్ వల్ల గుండె కండరం వాచింది. మయోకార్డైటిస్ అంటారు. ఆరు నెలలు ట్రాక్ వైపు చూడొద్దన్నారు డాక్టరు. కుర్రవయసు క్రీడాకారులు ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ప్రాణాలు పోగొట్టుకోవడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటని అప్పుడే వివరంగా చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పారాసిటమాల్ ఒంటి వేడిని దించుతుందే తప్ప వైరస్‌ను ఏమీ చేయదు. యాంటీబయాటిక్ కూడా అంతే. క్రీడా వైద్యులు మెడను గుర్తుగా పెట్టుకోమంటారు. ముక్కు కారడం, తుమ్ములు, గొంతులో కాస్త గరగర వరకే అయితే తేలికగా సాధన చేసి చూడొచ్చు, నలతగా అనిపిస్తే వెంటనే ఆపేయాలి. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలోంచి దగ్గు, విరేచనాలు ఉంటే మాత్రం సాధన పూర్తిగా బంద్. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తో వచ్చే జ్వరం ఇంకా మొండిది. అందులో పొట్టలో ఎడమవైపు ఉండే ప్లీహం ఉబ్బుతుంది, తొందరపడి దెబ్బలు తగిలే ఆటలోకి దిగితే చిట్లే ప్రమాదముంది. టెన్నిస్‌లో ప్రపంచ నాలుగో ర్యాంకు దాకా వెళ్లిన రాబిన్ సోడర్లింగ్‌ 2011లో ఈ జబ్బు పడ్డాక మళ్లీ టూర్‌లో ఆడలేకపోయాడు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా పరుగువీరుడు నోవా లైల్స్ కొవిడ్‌తో 200 మీటర్లు పరుగెత్తి కాంస్యం గెలిచిన సంగతి మా పిల్లలందరికీ తెలుసు. రేసు కాగానే అతన్ని చక్రాల కుర్చీలో తీసుకెళ్లారన్నది మాత్రం ఇద్దరికే గుర్తుంది.

మందుల దగ్గరా జాగ్రత్త కావాలి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రుమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రదుకాన్ జలుబుకు వేసుకున్నది జట్టు డాక్టర్ ఇచ్చిన మాత్రలే. వాటిలో ఉన్న, అప్పట్లో నిషేధించిన సూడోఎఫెడ్రిన్ అనే మందు వల్ల పదహారేళ్ల ఆ పిల్ల బంగారు పతకం పోయింది. నీరసంగా ఉందని సెలైన్ పెట్టించుకునేవాళ్లూ తెలుసుకోవాలి. ఆస్పత్రి చికిత్స, ఆపరేషన్, వైద్య పరీక్షల సందర్భంలో తప్ప 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటితే డోపింగ్ నిబంధనల ప్రకారం నిషేధం.

ఇలాంటి జబ్బులు రాకుండా చూసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. కంటినిండా నిద్ర, ఎవరి సీసా వాళ్లకే, ఫ్లూ టీకా పోటీలు లేని రోజుల్లో, జ్వరం వచ్చినవాడికి వేరే గది. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు శానిటైజర్ సరిపోదు, సబ్బుతో చేతులు కడగాల్సిందే. 2018 ప్యోంగ్‌చాంగ్ వింటర్ ఒలింపిక్స్‌లో అది పాకినప్పుడు వెయ్యిమందికి పైగా సెక్యూరిటీ సిబ్బందిని పక్కన పెట్టి సైనికులను దించాల్సి వచ్చింది.

అయితే ఎన్ని జాగ్రత్తలు చెప్పినా, జ్వరమని చెబితే జట్టులో చోటు పోతుందన్న టెన్షన్ ఉన్నంతకాలం పిల్లలు అంకెలు కొట్టేస్తూనే ఉంటారు. డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చినవాళ్లకు కోలుకున్నాక ఇంకో ట్రయల్ పెట్టాలని సంఘాల పెద్దలను వేడుకుంటున్నాను. ఒక్క రోజు స్టాప్‌వాచ్ పట్టుకుంటే అయిపోయే పని అది.

మా కుర్రాడికి మళ్లీ పరీక్షలన్నీ చేయించాం. డాక్టరు సరేనన్నాక మొన్ననే ఒక ల్యాప్ నెమ్మదిగా పరుగెత్తాడు. నేను పక్కనే నడిచాను.

సంపాదకులకు ఒక విన్నపం. జ్వరంతో ఆడిన వాళ్ల వార్త వేసేటప్పుడు, ఆ తర్వాత వాళ్లు ఎన్నాళ్లు విశ్రాంతి తీసుకున్నారో, పరీక్షలు చేయించుకున్నారో లేదో ఒక వాక్యం రాయించండి. మా పిల్లలు మీ క్రీడల పేజీ కత్తిరించి గోడకు అంటించుకుంటారు.

ఇట్లు,
ఒక అథ్లెటిక్స్ కోచ్